కైఫియతునకు తోడైన పటము

గడచిన కొన్ని దశాబ్దములలో తెలుగు కైఫియతులు అచ్చుమొగము చూచుట సంతోషింపదగిన విషయము. మదరాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున పురుగుల వాతబడుచుండిన ప్రతులు నేడు పరిశోధక విద్యార్థుల చేతికి వచ్చినవి. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము ఆ మండలపు కైఫియతులను సంపుటములుగా వెలువరించి ఇతర మండలములవారికి దారి చూపినది. ఈ కృషిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని ఈ ముద్రణములను చదివినకొలది మాకొక లోపము స్ఫుటముగా కానవచ్చినది. వీనిలో ఊరి కథ కలదు, ఊరు లేదు. గ్రామమునకు తూర్పున నున్న చెరువు పేరు కలదు; ఆ చెరువెక్కడనో చూపు పటము లేదు. పొలిమేర రాళ్ల పేర్లు వరుసగా నున్నవి; ఆ వరుసను వ్రేలితో పట్టుకొని తిరుగుటకు నేల లేదు. కైఫియతును, సర్వే పటమును ఒకే యత్నమునుండి పుట్టిన కవలలు. వానిని విడదీసి, ఒకదానిని మాత్రమే సాహిత్యముగను చరిత్రముగను చదువుట వలన దాని యర్థమే మారిపోయినదని మా యభిప్రాయము.

కైఫియతు అను మాట అరబ్బీనుండి వచ్చినది. ‘ఎట్లు’ అను ప్రశ్న దాని ధాతువులో నున్నది. ఒక గ్రామము ఎట్లున్నది, ఎట్లేర్పడినది, ఎవరి చేతులు మారినది అను వివరములను దెలుపు పత్రము కైఫియతు. దాని నిర్మాణము చదివినవారికి చిరపరిచితమే. మౌజే, పరగణా, సర్కారు అని ఉనికి చెప్పుటతో మొదలగును. పిమ్మట పూర్వయుగములకు పోయి, ఒక ఋషియో దేవతయో అచట వెలసిన వృత్తాంతము చెప్పును. అటనుండి ముక్కంటి, కాకతీయులు, రెడ్లు, గజపతులు, రాయలు, మొగలాయీ ప్రభుత్వము, జమీందారులు, కుంపిణీవారు వరుసగా వత్తురు. తుదకు దేవాలయములు, వాని మాన్యములు, చెరువులు, కుంటలు, ఇనాములు, మిరాసీదారులు, ఎల్లలు. సాహిత్య విద్యార్థి మొదటి భాగమును ఐతిహ్యమని ప్రీతితో చదువును. చరిత్రకారుడు నడిమి భాగమును శాసనములతో పోల్చి గ్రహించుటో త్రోసివేయుటో చేయును. నేలటూరి వెంకటరమణయ్యగారును, మల్లంపల్లి సోమశేఖరశర్మగారును ఈ నడిమి భాగమును ఎంత నేర్పుతో వాడుకొనిరో మనకు తెలియును. నీలకంఠశాస్త్రిగారితో కలిసి వెంకటరమణయ్యగారు 1946లో వెలువరించిన విజయనగర చరిత్రాధార గ్రంథములో స్థానిక చరిత్రల భాగములకు తగిన గౌరవము దక్కినది. ఇక చివరి భాగము ఎవరికిని అక్కరలేనిదైనది. శుష్కమని సంగ్రహములు చేయువారు దానిని కత్తిరింతురు.

మేము దీనికి విపరీతముగా తలంతుము. ఆ చివరి భాగము కొరకే తక్కిన రెండును వ్రాయబడినవి.

గుంటూరు మండలపు కైఫియతులలో మాటిమాటికి వచ్చు గోపరాజు రామన్న కథను చూడుడు. ఆయన రాజును మెప్పించి గ్రామ కరణికపు మిరాసీలను నియోగులకు పంచియిచ్చెనని అవి చెప్పును. ఇది ఒక్క ఊరి కథ కాదు. ఒక ఊరిలో వ్రాసిన మాటలే మరియొక ఊరిలోను కనబడును. మారునవి ఇంటిపేర్లు, గోత్రములు మాత్రమే. ఈ పునరుక్తిని చూచి విసిగినవారు కలరు. కాని వ్రాసినవాడెవడు? కరణము. చెప్పుచున్నదెవరికి? కుంపిణీ తరఫున సర్వే జరుపు దొర పంపిన మనుష్యులకు. దండకవిలె నాధారముగా చూపుచు తన మిరాసీ ఎప్పటిదో, ఎవరిచ్చినదో ఆతడు కొత్త ప్రభుత్వము చెవిని వేయుచున్నాడు. కనుక కైఫియతు సాక్ష్యమే కాని, స్వార్థముగల సాక్షి చెప్పిన సాక్ష్యము. ఇట్టి సాక్షి మాట నమ్మవలెనన్నను, నమ్మరాదన్నను, ఆతడు చెప్పిన మాటను నేలమీద సరిచూచుకొనుట తప్ప వేరు మార్గము లేదు. అచటనే పటము కావలసివచ్చును.

ఇచట భాషను గురించి ఒక మాట చెప్పక విడువరాదు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. దానికి నాలుగు దశాబ్దములకు ముందే, సంధి నియమములను లెక్కచేయక, పారసీ కచేరీమాటలను ఇంటిమాటలతో కలిపి, వాక్యమునకు వాక్యము గొలుసుగా వేసికొనిపోవు ఈ కరణపు గద్యము వేల పుటలలో సాగినది. దీనిలో ఎల్లలు చెప్పు భాగము శాసనకాలమునుండి వచ్చిన సంప్రదాయము. తూర్పు చాళుక్యుల దానశాసనములలో ‘ముయ్యలికుట్టు’ అను మాట కలదు. మూడు గ్రామముల పొలిమేరలు కలిసికొను తావునకు అది పేరు. పుట్ట, చింత, వాగు, బాట, గుండు అని గుర్తులు చెప్పుచు ఊరిని చుట్టివచ్చు పద్ధతి అచటను కలదు, కైఫియతులలోను కలదు. పటము గీయని సమాజము మాటలతో పటము గీచికొన్న తీరది. తెలుగు కరణమునకు ఊరి యాకారము కాగితముమీది గీతగా కాక, నడిచి చుట్టివచ్చిన వరుసగా మనస్సులో నుండెడిది. నేటి ముద్రణకర్త ఆ వరుసను శుష్కమని తీసివేసినచో వేయేండ్ల యలవాటు నొకదానిని తీసివేసినట్లే.

ఇక పుట్టుక విషయము. కాలిన్ మెకంజీ స్కాట్లండు వాయవ్యమున నున్న లూయిస్ దీవివాడు. 1783లో మన దేశమునకు వచ్చి, కుంపిణీ సేనలో ఇంజనీరుగా పనిచేసెను. 1792 తరువాత నైజాము రాజ్యములోను, శ్రీరంగపట్టణము పడిన పిమ్మట మైసూరులోను, 1809 తరువాత దత్తమండలములలోను సర్వేలు నడిపెను. 1810లో మదరాసుకును, 1815లో దేశమునకంతకును సర్వేయరు జనరలైనాడు. ఆతని సర్వే కేవలము కొండలను, బాటలను కొలుచు పని కాదు. ప్రతి పటముతోను ఒక నివేదిక, పట్టికలు, గ్రామముల జాబితాలు ఉండెడివి. మదరాసు సర్వే పాఠశాలలో చదివిన కుర్రవాండ్రు గొలుసు పట్టుకొని ఒక ప్రక్కను నడచుచుండగా, కావలి వెంకట బొర్రయ్య, ఆతని తమ్ముడు లక్ష్మయ్య, వారు పంపిన గుమాస్తాలు మరియొక ప్రక్కను కరణముల యిండ్లకు పోయి కవిలెలను విప్పించుచుండిరి. ఏలూరు నుండి వచ్చిన బొర్రయ్య 1803లో చిన్న వయస్సుననే గతించెను. తాను భారతీయ విజ్ఞానపు వాకిలిలో అడుగుపెట్టుటకు ఆతడే కారణమని మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టనునకు వ్రాసిన లేఖలో ఒప్పుకొనెను. పాత హళెగన్నడ శాసనములను చదివినవాడును బొర్రయ్యయే.

ఇట్లు కలిసి పుట్టినవి ఎట్లు విడిపోయినవి? దీనికి కారణము పండితుల యజాగ్రత్త కాదు, ఆస్తి హక్కు. సర్వే పటములు ప్రభుత్వపు సొత్తు. అవి సర్వేయరు జనరలు కచేరీకి చేరినవి. కైఫియతులు, శాసన ప్రతులు, నాణెములు, చిత్రములు మెకంజీ సొంత వ్యయముతో కూర్చినవి గనుక ఆతని సొత్తు. 1821 మే 8న ఆతడు మరణించిన పిమ్మట ఆతని భార్యకు లక్ష రూపాయలిచ్చి ప్రభుత్వము ఆ సొత్తును కొన్నది. 1828లో హెచ్.హెచ్. విల్సన్ దానికి పట్టిక వ్రాసెను. అందు స్థానిక చరిత్రలు 2,070, శాసన ప్రతులు 8,076, నక్షాలు 79, చిత్రములు 2,630 అని వేర్వేరు శీర్షికల క్రింద చేరినవి. ఏ చిత్రము ఏ కైఫియతునకు చెందినదో, ఏ కైఫియతు ఏ పటములోని ఏ చుక్కకు వ్యాఖ్యయో ఆ పట్టికను బట్టి తెలియదు. తరువాత కొంత లండనుకు, దక్షిణభాషల ప్రతులు మదరాసుకు పోయినవి. లండనులో చిక్కిన కొన్నింటిని బ్రౌను దొర మదరాసుకు రప్పించి, శిథిలములైనవానికి మారుప్రతులు వ్రాయించెను. ఆయన చేసిన మేలు మనము మరువరానిది. కాని ఆయన భాషావేత్త. ఆయన చూపు ప్రతులమీదనే. విలియం టెయిలరు వర్ణనాత్మక సూచికలును అట్టివే. అప్పటినుండి మన దృష్టియు అదియే.

ఈ విభాగము వలన కలిగిన నష్టమును ఎరుగుటకు అమరావతి కంటె మంచి యుదాహరణము లేదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయనివారు చింతపల్లినుండి తమ రాజధానిని అమరావతికి మార్చి, పట్టణము కట్టించుటకు రాతికై వెదకుచుండగా, సమీపమున దీపాలదిన్నె అనబడు మిట్టలో పాలరాతి పలకలు బయటపడినవి. మెకంజీ 1797లో ఒకమారు దానిని చూచెను. అప్పటికి ఆతని వద్ద కాలము లేదు. 1816లో తన జట్టుతో తిరిగి వచ్చి, దిన్నెను కొలిపించి, పలకలను ఒక్కొక్కదానిని గీయించెను. 1816–1819 నడుమ గీసిన ఆ చిత్రముల సంపుటము, దిన్నె నక్షాతోకూడ, నేడు బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. ఆ యేండ్లలోనే దిన్నె నడుమ చెరువు త్రవ్వబడినది. 1845లో వాల్టర్ ఎలియట్, 1877లో సూయెల్ మిగిలినదానిని త్రవ్విరి. 1880లో గవర్నరు ఉత్తరువుతో జరిగిన త్రవ్వకముతో స్తూపపు తిన్నె దాదాపు పూర్తిగా నాశమైనది. 1881–82లో బర్జెస్ వచ్చునప్పటికి ఆతనికి మిగిలినది గుంట.

కనుక ఏ పలక ఎచట నిలిచియుండినదో చెప్పగల సాక్ష్యము మెకంజీ నక్షాయే. ఆ సీమ కైఫియతులలో ధరణికోట, ముక్కంటి, జైనుల ఓటమి అను గాథ నడచుచున్నది. మెకంజీ స్వయముగా ఆ శిథిలములు జైనులవని తలచెను. ఆతని చుట్టునుండిన పండితుల మాటయు, కరణముల మాటయు అదియే. మన విమర్శకులు ఆ గాథను చూచి ‘బౌద్ధమును జైనమని భ్రమించిరి’ అని ఒక్క వాక్యముతో ముగింతురు. అది సరియే కాని అంతటితో తృప్తిపడుట విచారకరము. కైఫియతు స్తూపమును గుర్తింపలేదు. కాని ఆ తావున పరాజితమైన ఒక మతముండెనను జ్ఞాపకమును నిలిపినది. నక్షాకు ఆ జ్ఞాపకము లేదు. కాని స్తూపపు వలయమును, రాళ్ల తావులను నిలిపినది. ఒకదాని పొరపాటును మరియొకటి దిద్దును, ఒకదాని మౌనమును మరియొకటి పూరించును. ఇంగ్లండులో జెన్నిఫర్ హౌస్ వంటివారు ఈ చిత్రములనుండి స్తూపపు చరిత్రను కూర్చి చూపిరి. కైఫియతును ప్రక్కన నుంచుకొని అదే పని చేయుట తెలుగువారికే సాధ్యము.

ఇటీవలి విమర్శలోను ఈ చీలికయే కనబడుచున్నది. నికొలస్ డర్క్స్ 2001నాటి తన గ్రంథములో మెకంజీ సేకరణను వలసపాలనకు లోబడిన భాండాగారముగా చూపి, బొర్రయ్య, లక్ష్మయ్య వంటివారి గొంతు అందు అణగిపోయినదనెను. ఫిలిప్ వాగ్నర్ 2003లో దీనికి మారుగా, నియోగి గుమాస్తాల పూర్వపాండిత్యమే ఆ విజ్ఞానమునకు ఆధారమని వాదించెను. వెల్చేరు నారాయణరావుగారు, షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో కరణపు గద్యమును దక్షిణదేశపు చరిత్రరచనా సంప్రదాయముగా నిలిపిరి. రమాసుందరి మంతెనగారి 2012నాటి గ్రంథము కావలి సోదరుల పనికి తగిన స్థానమిచ్చినది. ఈ వాదములలో మేము వాగ్నరు పక్షమునకే దగ్గర. లక్ష్మయ్య యొక్క తరువాతి చరిత్రను చూచినచో డర్క్స్ మాటయు అసత్యము కాదు. మెకంజీ మరణించిన పిమ్మట ఆ పనిని తానే కొనసాగింతునని 1830 దశకమున లక్ష్మయ్య కోరగా, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఆతనికి ఆ యోగ్యత లేదని త్రోసిపుచ్చిరి. సేకరించుటకు చాలినవాడు వివరించుటకు చాలడట!

అయినను ఈ పండితులందరి చర్చ ప్రధానముగా వ్రాతప్రతులను గురించియే. మరియొక వంక, సర్వే చరిత్రను వ్రాసిన మాథ్యూ ఎడ్నీ 1997నాటి గ్రంథములో పటము సామ్రాజ్యమునకు సాధనమైన తీరు కలదు. కరణము నడిచిన పొలిమేరకు అందు ప్రధాన స్థానము లేదు. 1828నాటి పట్టిక గీచిన గీతను 21వ శతాబ్దపు విమర్శయు దాటలేదన్నమాట.

కైఫియతుతో పటమును చేర్చినంతమాత్రమున ఊరు సంపూర్ణముగా దొరకునని మేము చెప్పము. మెకంజీ పటము గ్రామమును ఒక చుక్కగా చూపును. కైఫియతు ఆ చుక్కను విప్పి అగ్రహారమును, దేవాలయమును, కరణమును, రెడ్డిని చూపును. మాలపల్లె, మాదిగపల్లె రెండింటను దాదాపు లేవు. 1802 తరువాత దత్తమండలములలో మన్రో చేయించిన పొలముల కొలతయు చిట్టాలకెక్కినదే. 1858లో మదరాసు రెవిన్యూ సర్వే మొదలైన పిమ్మటనే పొలమునకు పొలము గీచిన గ్రామ నక్షాలు క్రమముగా ఏర్పడినవి. వానిలోనైనను పల్లెలవారికి దక్కినది పేరు, తావు, కథ కాదు. వారి కథ మరియొక పటముమీద నుండెను. తెలుగులో పటము అను మాటకు గుడ్డ, బొమ్మ, దేశపటము అని మూడర్థములుండుట యాదృచ్ఛికము కాదు. చేర్యాల నకాషీలు గుడ్డమీద వ్రాసిన కులపురాణములను పటము కథలవారు ఊరూర విప్పి చెప్పెడివారు. ‘నకాషీ’, ‘నక్షా’ రెండును ఒకే అరబ్బీ ధాతువునుండి వచ్చినవని నిఘంటువు చెప్పును. కరణము కవిలె, సర్వే నక్షా, నకాషీ పటము అను మూడింటిని ఒక్క బల్లమీద పరచిననాడు గాని ఊరి చరిత్ర ఊరంతటి చరిత్ర కాజాలదు. ఈ మూడవదానిని కళాఖండముగా గోడకు తగిలించుట యందు చూపు శ్రద్ధ, అది ఏ యే ఊళ్లలో ఎవరికొరకు చెప్పబడినదో వ్రాసియుంచుట యందు చూపుట లేదు.

మెకంజీ సేకరణ ప్రధానముగా మదరాసు రాజధానిది గనుక తెలంగాణమున పరిస్థితి వేరు. అచటి గ్రామముల పత్రములు చాల భాగము పారసీ, ఉర్దూ దఫ్తరములలో నున్నవి. హైదరాబాదు తార్నాకలోని రాజ్యాభిలేఖాగారమున మొగలు చక్రవర్తుల కాలపు దక్కను పత్రములు కూడ కలవు. నగరమునకు మాత్రము గొప్ప పటములు దక్కినవి. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద తీరపు పేటలను తుడిచివేసిన తరువాత, 1912–1915 నడుమ లియొనార్డ్ మన్ నడిపిన సర్వేలో ఇల్లిల్లు, బావి బావి, గోడ గోడ గుర్తింపబడినవి. నేడు ఏ కుంట ఎచట నుండెనో, ఏ కాలువ ఎచట పూడినదో తేల్చుకొనుటకు ఆ పలకలే దిక్కు. ఉర్దూ నేర్చిన తెలుగు పరిశోధకులు తగ్గుచుండుట వలన ఈ దఫ్తరముల తలుపులు తెరచియుండియు మనకు మూసినట్లే యున్నవి.

ఇప్పుడీ పని యేల తొందరయని కొందరడుగుదురు. మూలప్రతులు భద్రముగా నున్నవి కదా, సూక్ష్మచిత్రములు తీసిరి కదా అందురు. పోవుచున్నది ప్రతి కాదు, ప్రతిని చదువుటకు కావలసిన నేల. నాగార్జునకొండ లోయ సాగరము క్రింద నున్నది. శ్రీశైలము జలాశయము క్రింద కృష్ణాతుంగభద్రా సంగమమున నుండిన కూడవెల్లి ఊరు మునిగిపోగా, సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున నిలిపిరి. గుడికి క్రొత్త తావు దొరకినది. దాని చుట్టునుండిన పొలిమేరకు దొరకలేదు. పోలవరము ముంపులో తరలింపబడిన కోయ, కొండరెడ్డి గూడెముల సంగతి ఇంతకంటె కష్టము. వారికి కైఫియతు వ్రాసిన కరణము లేడు. వారి గూడెమునకు పాత పటములో చుక్కయు పేరును ఉన్నచో అదియే వ్రాతమూలకమైన మొదటి సాక్ష్యము. కొండకు, వాగునకు వారు పెట్టుకొన్న పేర్లు తెలిసిన వృద్ధులు ఇంకను కొందరు జీవించియుండగనే ఆ పటమును వారి యెదుట పరచవలెను. రెవిన్యూ భాషలో జనము లేని ఊరిని బేచిరాకు గ్రామమందురు; దీపము లేనిదని దాని యర్థము. ఆ మాట వ్రాసియున్న చోట ఒకప్పుడెవరు దీపము పెట్టిరో ఆ వరుసలో నుండదు.

కరణముల సంగతియు అంతే. 1984 జనవరిలో ప్రభుత్వము గ్రామాధికారుల పదవులను రద్దుచేసినది. ఆ వ్యవస్థలో అన్యాయములు లేకపోలేదు. రద్దును మేము విచారించుట లేదు. కాని చిట్టాలు, అడంగళ్లు, నక్షాలు కచేరీలకు చేరగా, సర్కారు లెక్కకు రాని తాటాకు కవిలెకట్టలు, నల్లగుడ్డ కడితములు పూర్వపు కరణముల అటకలమీదనే నిలిచినవి. వాని భాష తెలిసినవారు ఇంటికొకరైనను ఇప్పుడు లేరు.

సంపాదకులకు మేము చేయు సూచన స్వల్పమైనది, కాని శ్రమతో కూడినది. కైఫియతును ముద్రించునప్పుడు ఎల్లలను, చెరువులను, ఇనాములను ఒక్క యక్షరము విడువక ముద్రింపవలెను. దాని ప్రక్కపుటలో ఆ ప్రాంతపు మెకంజీ సర్వే పటభాగమును, పిదపటి గ్రామ నక్షాను చేర్చి, కైఫియతులోని ప్రతి స్థలనామమునకు సంఖ్య వేసి, ఆ సంఖ్యను పటముమీద చూపవలెను. దొరకని పేర్లను దొరకలేదనియే వ్రాయవలెను, ఊహతో పూరింపరాదు. ఎం.ఏ. పట్టమునకు లఘుసిద్ధాంతవ్యాసము వ్రాయు విద్యార్థి ఒక్కొక్కడు ఒక్క గ్రామము చేపట్టి, కైఫియతును చేతబట్టి దాని పొలిమేర చుట్టు ఒకమారు నడచిరావలెను. ముయ్యలికుట్టు రాయి ఇప్పటికిని నిలిచియున్నదా, దానిని ఆ మూడు ఊళ్లవారు ఏమని పిలుచుచున్నారు అను రెండు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనివచ్చినను ఆ సంవత్సరపు పని చాలును.